ప్లాస్టరింగ్ లేని కాంక్రీటు ఇంట్లో 22 ఏళ్లు

విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల మా ఫ్లాటు. బయటి గోడలకు ప్లాస్టరింగ్ లేదు, రంగు లేదు. సెంట్రింగ్ విప్పాక కాంక్రీటు ఎలా ఉందో అలాగే వదిలేశారు. కొత్తలో వచ్చిన చుట్టాలంతా "ఇంకా పని పూర్తి కాలేదా?" అని అడిగేవాళ్లు.

దీన్నే బ్రూటలిజం అంటారు. ఫ్రెంచిలో 'బెతోఁ బ్రూ' అంటే పూత లేని కాంక్రీటు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్సులోని మార్సెయ్‌లో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కట్టి 1952లో పూర్తి చేసిన అపార్ట్‌మెంట్ ఈ పద్ధతికి దారి చూపింది. చండీగఢ్ అసెంబ్లీ కూడా ఆయనదే. కానీ అక్కడ సముద్రం లేదు, విశాఖలో ఉంది.

బాల్కనీ గోడ మీద సెంట్రింగ్ చెక్కల చారలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకచోట చెక్కలోని ముడి, గుండ్రంగా, రూపాయి బిళ్లంత అచ్చుపడింది. మా అమ్మాయి చిన్నప్పుడు దాని చుట్టూ వేలు తిప్పుతూ అన్నం తినేది. రంగు వేసిన గోడ మీద నాకు ఇంత ప్రేమ కలిగేది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలన్నీ పగిలి హాల్లో నీళ్లు నిలిచాయి. గోడలు మాత్రం చెక్కు చెదరలేదు.

అసలు బాధ ఉప్పుగాలితోనే. ఉప్పు మెల్లగా కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. తూర్పువైపు సన్‌షేడ్ కింద పెచ్చు రాలినచోట స్కేలు పెట్టి చూశాను. చువ్వ మీద కాంక్రీటు 15 మిల్లీమీటర్లే! తీరప్రాంతంలో కనీసం 45 ఉండాలని కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ చెబుతోంది. తప్పు కాంక్రీటుది కాదు, కట్టినవాళ్లది.

మొదటిసారి పిలిచిన మేస్త్రీ తుప్పు మీదే సిమెంటు మెత్తి వెళ్లాడు. వానాకాలం దాటకముందే అదీ ఊడింది. రెండోసారి చువ్వ వెనక దాకా చెక్కించి, తుప్పు పూర్తిగా గీకించి, తుప్పు పట్టనివ్వని పూత వేయించి, పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో) పూడ్పించాను. ఖర్చు ఎక్కువే, కానీ ఆరేళ్లయినా గట్టిగా ఉంది.

వేసవి రాత్రుళ్లు పై అంతస్తులో ఉక్క భరించలేం. శ్లాబు పగలంతా పట్టిన వేడిని రాత్రంతా వదులుతుంది. మీరు కొనేటట్లయితే కింది అంతస్తు చూడండి. సన్‌షేడ్ల అడుగున తుప్పు మరకలున్నాయేమో పగటి వెలుగులో వెతకండి, గోడను చిన్న సుత్తితో తట్టి వినండి. బోలు శబ్దం వస్తే రిపేరు ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.