గేర్లు లేని ఎంటీబీ మీద నాలుగేండ్లు: వరంగల్ దిక్కు తొక్కెటోళ్ళ కోసం

2021 వానకాలం నుంచి నేను సింగిల్ స్పీడ్ మౌంటెన్ బైకే (ఎంటీబీ) తొక్కుతున్న, అంటె మార్చుకునే గేర్లు లేకుండ ఒక్కటే గేర్ ఉండే బండి. ట్రైనింగ్ దాని మీదనే, రేసులు దాని మీదనే. "అన్నా, నేను గూడ తీస్కోవచ్చా" అని అడిగెటోళ్ళు ఈ మధ్య ఎక్కువైన్రు, ఒక్కొక్కరికి ఫోన్ల చెప్తె సగం మర్చిపోతున్న, అందుకే అంత ఒక్కకాడ రాస్తున్న. జర పొడుగే ఉంటది.

అసలు ఎట్ల మారిన్నో ముందు చెప్త. అప్పుడు నాది మామూలు అల్యూమినియం హార్డ్‌టెయిల్ (ముందే సస్పెన్షన్, వెనుక ఉండదు), 29 ఇంచుల చక్రాలు, వెనుక 9 గేర్లు. జులైల పరకాల దిక్కు పత్తి చేన్ల నడుమ బండ్లబాటల పోతుంటె నల్లరేగడి టైరుకు ముద్దలు ముద్దలు పట్టింది, ఆ మట్టిల గడ్డి కలిసి గేర్లు మార్చే వెనుక డిరైలర్‌ల ఇరుక్కుంది, నేను చూస్కోకుండ ఇంకో రెండు తొక్కులు గట్టిగ తొక్కేసరికి డిరైలర్ పోయి చువ్వలల్ల పడ్డది, దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ ఫట్‌మని ఇరిగింది. మెయిన్ రోడ్డు దాకా 7 కిలోమీటర్లు బండి నెట్టుకుంట వచ్చిన. ఆ మోడల్ హ్యాంగర్ హనుమకొండల లేదు, హైదరాబాద్‌ల లేదు, తెప్పిస్తె నెల పడ్తది అన్నరు. నెల రోజులు ఊకె కూసోలేక మా సైకిల్ షాపు పెద్దమనిషి దగ్గరికి పోయి, ఒక్కటే గేర్ పెట్టియ్యి కాకా అన్న. "గేర్ల బండి కొనుక్కొని గేర్లు తీపిచ్చుడేంది బిడ్డా" అన్నడు గాని చేసిచ్చిండు, మంచిగ చేసిచ్చిండు. క్యాసెట్ (వెనుక పళ్ళ చక్రాల గుత్తి) రివెట్లు తీసి 18 పళ్ళది ఒక్కటే ఉంచి, మిగిలిన జాగల స్పేసర్లు నింపిండు, ముందు పెడల్ కాడ ఉండే పళ్ళ చక్రాలల్ల (చైన్ రింగ్‌లల్ల) నడిమిది, 32 పళ్ళది ఉంచిండు. చైన్‌ను బిగుతుగ ఉంచే టెన్షనర్ గూడ ఆ హ్యాంగర్‌కే బిగించాలె కదా, అది లేదు కాబట్టి ఏ జోడీకి చైన్ దానంతటదే బిగుతుగ కూసుంటదో చూసినం, నసీబు బాగుండి 32-18 కే కూసుంది. నెల తర్వాత హ్యాంగర్ వచ్చింది. డబ్బా గూడ ఇప్పలే, అట్లనే ఉన్నది.

ఇంటికి తెచ్చినంక మా బాపు చూసి మస్తు సంబురపడ్డడు. ఆయన ఇరవై ఏండ్లు నల్ల సైకిల్ మీద రెండు దిక్కుల పాల క్యాన్లు కట్టుకొని తిరిగినోడు, ఆ సైకిల్‌కు ముందు 44, వెనుక 18 పళ్ళు, అంటె నాదానికంటె చాన బరువు గేర్. ఎత్తు మొదలైనంక బలం పెడ్తె లాభం లేదు, ఎత్తు రాకముందే ఉరుకు తెచ్చుకోవాలె, సగంల లేసి నిలవడి తొక్కాలె, కూసొని పిసికితె మోకాళ్ళు పోతయ్ అని చెప్పిండు. నేను తర్వాత ఎన్నో వీడియోలు చూసిన, కోచింగ్ ప్లాన్లు గూడ కొన్న, ఇంతకంటె పనికొచ్చే మాట ఎక్కడ దొరకలే. కాని నేను వెంటనే ఇనలే. మొదటి మూడు నెలలు ఎత్తులన్ని సీటు మీద కూసొనే పిసికిన, కుడి మోకాలి చిప్ప కింద నొప్పి పట్టుకుంది, ఫిజియో దగ్గరికి పోతె ఆరు వారాలు రెస్ట్. నిమిషానికి 50 కంటె తక్కువ తిప్పుడుల కూసొని గట్టిగ తొక్కితె భారమంత మోకాలి చిప్ప మీదనే పడ్తది. అప్పట్నుంచి నా లెక్క ఒక్కటే, కాలు మెల్లగైందంటె లెవ్వాలె, లేసినా తిరగకపోతె దిగి నెట్టాలె. నెట్టుకుంట పోవుడు సింగిల్ స్పీడ్ల తప్పేం గాదు.

ఇగ అసలు ముచ్చట. అందరు నన్ను అడిగేది గుట్టలు ఎట్ల ఎక్కుతవ్ అని. నాలుగేండ్లకు నాకు సమజైంది ఏందంటె మన దిక్కు కష్టం గుట్టల కాడ లేదు, సాపు బాట కాడ ఉంది. హిమాచల్‌ల లెక్క గంటలు గంటలు ఎక్కే కొండలు మనకు లేవు. మన గుట్టలు గ్రానైట్ గుట్టలు, ఎక్కే బాట 300, 400 మీటర్లు నిటారుగ ఉంటది, అయిపోతది. దాని తర్వాత కాలువ కట్టలు, చెర్వు కట్టలు, చెలకల నడుమ మొరం బాటలు, అన్ని సాపు. అక్కడ గేర్లున్నోడు పెద్ద గేర్ ఏసి ఎల్లిపోతడు, నేను చూస్కుంట ఉండాలె.

లెక్క చెప్త సూడున్రి. 32-18 ల పెడల్ ఒక్క చుట్టు తిరిగితె బండి 4 మీటర్లు పోతది. నిమిషానికి 110 సార్లు తిప్పితె గంటకు 27 కిలోమీటర్లు, అంతకంటె పోదు. గేర్లున్నోడు అదే కట్ట మీద 32 ల పోతుంటడు. 2 కిలోమీటర్ల కట్ట అనుకోండి, నాకు నాలుగున్నర నిమిషాలు, ఆయనకు మూడు నిమిషాల ముప్పావు, అక్కడ్నే ముప్పావు నిమిషం పోయింది. నేను మొదట ఏమనుకున్న, వెనుక పన్ను తగ్గిస్తె అయిపోతది కదా అని 17 ఏసిన. అదే 110 కు 28 చిల్లర వచ్చింది, అంటె కిలోమీటరున్నర లాభం. అంతే. దాని కోసం గుట్ట కాడ రెండు సార్లు దిగాల్సొచ్చింది. మళ్ళ 18 కే వచ్చి, కాలు 125 దాకా తిప్పుడు నేర్చుకుంటె 30 దాటింది. పన్ను మార్చినంక వచ్చిన దానికంటె కాలు మార్చినంక వచ్చింది డబల్. ఈ ఒక్క సంగతి మొదట్నే ఎవరన్న చెప్పి ఉంటె నాకు రెండేండ్లు మిగిలేవి.

అందుకే ఇప్పుడు నా ట్రైనింగ్‌ల సగం కాకతీయ కాలువ కట్ట మీదనే. వారంల రెండు రోజులు పొద్దుగాల ఐదింటికి, ఎండకాలమైతె నాలుగున్నరకే (మేల ఏడు దాటితె నెత్తి మాడుతది), నిమిషానికి 90 తిప్పుడుతో ఇరవై నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకొని, 115 కు పైన రెండు నిమిషాలు తిప్పుడు, రెండు నిమిషాలు ఊకె పోవుడు, గట్ల ఎనిమిది సార్లు. మొదట్ల 100 దాటంగనే సీటు మీద ఎగిరెగిరి పడేది, అట్ల ఎగిరితె కాలు పూర్తిగ కిందికి పోయినంక గూడ దొబ్బుతున్నట్టు, కింద వదిలిపెట్టుడు నేర్సుకోవాలె. సీటు 4 మిల్లీమీటర్లు దించినంక నాకు తగ్గింది. ఎదురుగాలి ఉన్న రోజు ఈ పని చెయ్యొద్దు, జూన్, జులైల పడమటి గాలి కొడ్తుంటె 110 గూడ రాదు, ఆ రోజు బలం పని పెట్టుకోవాలె.

బలం పని అంటె మడికొండ అవతల నాకో క్వారీ బాట ఉంది, 400 మీటర్లు, కొస కాడ బాగ నిటారు. గంటకు 8 కిలోమీటర్లతోని ఎక్కుతుంటె కాలు నిమిషానికి 33 సార్లే తిరుగుతది, ఒక్కొక్క తొక్కు ఒక్కొక్క మెట్టు ఎక్కినట్టు ఉంటది. వారానికి ఒక్కసారి, ఆరు సార్లు, మధ్యల పూర్తిగ దమ్ము తీస్కొని. నిలవడి తొక్కేటప్పుడు మనిషి బరువంత హ్యాండిల్ మీదికి పోతె వెనుక టైర్ మొరంల జారుతది, నడుము వెనుకకే ఉంచి చేతులతోని హ్యాండిల్‌ను గుంజాలె, అందుకే 760 మిల్లీమీటర్ల వెడల్పు హ్యాండిల్ పెట్టుకున్న, అది పెట్టినంక తేడా ఆ రోజే తెలిసింది. నడుము మాత్రం గట్టిది కావాలె, జిమ్‌ల డెడ్‌లిఫ్ట్, ఇంట్ల ప్లాంక్, ఇవి మానేసిన నెల రేసుల రెండో చుట్టుకే నడుము పట్టేసింది. ఇంకోటి, గుండె వేగం తక్కువల ఉంచుకొని పొడుగు రైడ్ చెయ్యాలంటె గుట్టల దిక్కు పోవద్దు, ఒక్క గేర్‌తోని ఎత్తు ఎక్కుతుంటె మెల్లగ పోవుడు మన చేతుల ఉండదు. ఆ రైడ్లు నేను ధర్మసాగర్ దిక్కు సాపు రోడ్ల మీద చేస్త. ఖిలా వరంగల్ దిక్కు గూడ పోత గాని మట్టికోట కట్ట మీదికి మాత్రం బండి ఎక్కియ్యకున్రి, అది ఆర్కియాలజీ వాళ్ళ రక్షణల ఉన్నది, టైర్లతోని మట్టి జారుతది, పక్క బాట ఉండనే ఉన్నది. మేడారం జాతర నెలల ములుగు రోడ్డు మీద సైకిల్ ముచ్చటే పెట్టుకోవద్దు.

సామాను గురించి. ఏడాదిన్నర ఆ అల్యూమినియం బండే తొక్కిన, తర్వాత సెకండ్ హ్యాండ్‌ల స్టీల్ ఫ్రేమ్ ఒకటి దొరికింది, వెనుక ఇరుసు ముందుకు వెనుకకు జరిగేది. అల్యూమినియం దాంట్ల టెన్షనర్ లేకుండ నడిపిన అన్న కదా, దాంట్ల ఒక బాధ ఉంది. చైన్ సాగుతది, సగం శాతం సాగిందంటె ఇరుసు కాడ 3 మిల్లీమీటర్ల వదులు, ఒక పన్ను తేడా ఎంతనో అంత, ఇగ ఎత్తు మీద గట్టిగ తొక్కినప్పుడు చైన్ ఎగిరి పడ్తది, పడ్డదంటె మోకాలు పోయి హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్‌కు కొట్టుకుంటది. నాకు రెండు సార్లు అయింది. ఇరుసు జరిగే ఫ్రేమ్‌ల రెండు బోల్టులు వదులు చేసి వెనుకకు గుంజితె అయిపాయె. కొత్త ఫ్రేమ్ కొనెటోళ్ళు పైసలు మిగిలితె వేరే ఏదీ గాదు, ఇదే చూసి కొనున్రి.

వెనుక స్ప్రాకెట్ (పళ్ళ చక్రం) గూడ చూస్కోవాలె. క్యాసెట్ నుంచి ఊడదీసిన సన్నది మొదట్ల పని చేస్తది గాని ఒక్కదాని మీదనే బలమంత పడేసరికి అది కూసునే అల్యూమినియం ఫ్రీహబ్‌ను కోస్తది, నాది తీసేటప్పుడు సుత్తెతోని కొట్టాల్సొచ్చింది. అడుగు భాగం వెడల్పుగ ఉండే స్టీల్ స్ప్రాకెట్లు సింగిల్ స్పీడ్ కోసమే వస్తయ్, అది ఏసినంక రెండేండ్లకు గూడ గీత పడలే. చైన్ మామూలు 8 స్పీడ్ చైన్ చాలు. చైన్ ముందునుంచి వెనుకకు సీదగ ఉంటది కాబట్టి తక్కువ అరుగుతది, నేను గేజ్ పెట్టి 0.75 శాతం సాగినకాడ మారుస్త, ఎనిమిది తొమ్మిది నెలలు వస్తున్నది, అది గూడ ఇంత దుమ్ముల. టైర్లు ట్యూబ్‌లెస్ చెయ్యకుంటె మన దిక్కు తొక్కలేం, సర్కారు తుమ్మ ముల్లు ఎట్లుంటదో మీకు తెలుసు. ఎండకు లోపలి సీలెంట్ (ముల్లు పొక్కను మూసే ద్రవం) ఎండిపోతది, రెండు నెలలకోసారి చూసి పొయ్యాలె. నేను 68 కిలోలు ఉంట, టైర్లల్ల గాలి ముందు 21, వెనుక 23 పీఎస్ఐ. ముందు ఫోర్క్‌కు లాకౌట్ (స్ప్రింగు కదలకుండ ఆపేది) ఉండాలె, లేకుంటె నిలవడి తొక్కిన ప్రతిసారి బలం కొంత స్ప్రింగుకే పోతది.

రేసుల ముచ్చట. మన దగ్గర సింగిల్ స్పీడ్‌కు వేరే కేటగిరీ నేనైతె చూడలే, గేర్లున్నోళ్ళ తోటే ఓపెన్‌ల తొక్కాలె. బయటి దేశాలల్ల సింగిల్ స్పీడ్ వరల్డ్ చాంపియన్‌షిప్ అని ఏటా ఒకటి జరుగుతది, యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సంఘం) కింద గాదు, గెలిచినోళ్ళకు పచ్చబొట్టు పొడుస్తరు. అది సదివినప్పుడు నాకు మనసు నిండింది, ఒక్క గేర్ మీద ప్రేమ ఉన్నోళ్ళు అంతమంది ఉన్నరని. నా మొదటి రేసు వికారాబాద్ అడవి దిక్కు, నాలుగు చుట్లు. స్టార్ట్ సాపు మైదానంల, అందరు ముందు ఎల్లిపోయిన్రు, నేను సన్న బాట మొదలయ్యేసరికి ఎనుకట్నే ఉన్న, ఆ సన్న బాటల దాటిపోతందుకు జాగ లేదు. అక్కడ ఇంకోటి తెలిసింది. ఎత్తు మీద గేర్లున్నోళ్ళు చిన్న గేర్ ఏసి గంటకు 6 ల పాకుతరు, నేను 6 ల పోలేను, కాలే ఆగిపోతది, నాకు 9 కావాలె. వాళ్ళ వెనుక ఇరుక్కుంటె నేను దిగుడే. "అన్నా ఎడమ దిక్కు జర ఇయ్యవా" అని దూరంకెల్లి అడుగుడు, చాన మంది ఇస్తరు, మంచిగ మాట్లాడ్తరు. రెండో రేసు నుంచి స్టార్ట్ కోసమే వేరేగ తయారైన, మొదటి రెండు నిమిషాలు 120 కు పైన. పోయిన సారి సన్న బాటల పదకొండోడి లెక్క దూరిన, తొమ్మిదోడి లెక్క బయటికొచ్చిన, ముగ్గురు ఎత్తు కాడ దొరికిన్రు, ఒక్కడు ఆఖరి సాపు కాడ మళ్ళ దాటిపోయిండు. ఆ ఒక్కడు ఇప్పటికి యాదికొస్తడు.

ఎవరు తీస్కోవద్దు? మోకాలి నొప్పి ముందునుంచే ఉన్నోళ్ళు వద్దు. వారం మొత్తం హైదరాబాద్ రోడ్డు మీద గ్రూపుల తొక్కెటోళ్ళు వద్దు, వాళ్ళతోని కలవలేరు. ఉన్న ఒక్క బండి అమ్మి ఇది కొంట అనెటోళ్ళు గూడ జర ఆగున్రి, ఉన్నదాన్నే మారిస్తె రెండు మూడు వేలల్ల అయిపోతది, ఆరు నెలలు తొక్కి చూడున్రి. వానకాలం నల్లరేగళ్ళ తొక్కెటోళ్ళకు మాత్రం నేను అడగకుండనే చెప్త, తీస్కోండి, నా బండి మట్టి కడిగి చైన్‌కు నూనె పెట్టుడు తప్ప నాలుగు వానకాలాలల్ల ఒక్కసారి గూడ షాపుకు పోలే.

ఇప్పుడు నేను పట్టుకున్న పని ఒక్కటే, కట్ట మీద 2 కిలోమీటర్లు 120 తో ఆగకుండ తిప్పాలె. పోయిన ఆదివారం 1,400 మీటర్ల దాకా వచ్చింది, తర్వాత సీటు మీద ఎగురుడు మొదలైంది.