తలుపుల వెనక హోమ్ థియేటర్: ఐఆర్ రిపీటర్, 12 వోల్ట్ ట్రిగ్గర్ కొన్నేళ్లు వాడాక

ఏవీ రిసీవర్ (బొమ్మను టీవీకి, ధ్వనిని స్పీకర్లకు పంచే పెట్టె), ప్లేయర్, సెట్‌టాప్ బాక్స్ అన్నీ అరలో పెట్టి తలుపు వేస్తే రిమోట్ వెలుగు లోపలికి పోదు. అందుకే ఆ ఐఆర్ (పరారుణ) వెలుగును లోపలికి చేరవేసే రిపీటర్ కిట్: టీవీ కింద అంటించే కన్ను, అరలో తీగలన్నీ కలిసే హబ్, ఒక్కో పరికరం ముఖానికి అంటించి వెలుగును మళ్లీ వదిలే ఎమిటర్. కొన్నేళ్లు రోజూ వాడాక తేలింది ఒకటే. వాల్యూమ్, మెనూ పనులకు ఇది చక్కగా సరిపోతుంది. ఆన్, ఆఫ్ మాత్రం దీని మీద వెయ్యకూడదు.

చాలా పరికరాల్లో పవర్‌కు ఒకే కోడ్. అదే ఆన్ చేస్తుంది, అదే ఆపుతుంది. ఒక్క బటన్‌తో అన్నిటినీ లేపే మాక్రోలో ఒక సిగ్నల్ తప్పిందంటే, మళ్లీ నొక్కినప్పుడు ఆగినది లేస్తుంది, లేచినవి ఆగుతాయి. ఆన్‌కూ ఆఫ్‌కూ వేర్వేరు కోడ్‌లున్న పరికరమైతే ఈ తంటా లేదు. యూనివర్సల్ రిమోట్‌లో ముందు ఆ వేర్వేరు కోడ్‌లనే వెతకండి.

స్పీకర్లను నడిపే పవర్ ఆంప్‌ను, మోటారుతో దిగే ప్రొజెక్టర్ తెరను ఆన్, ఆఫ్ చెయ్యడానికి రిసీవర్ వెనక ఉండే 12 వోల్ట్ ట్రిగ్గర్ పోర్టును మించింది లేదు. 3.5 మి.మీ. మోనో కేబుల్, కొన ప్లస్, ఒంటి భాగం గ్రౌండ్. రిసీవర్ ఆన్‌లో ఉన్నంతసేపూ 12 వోల్టులు ఉంటాయి, ఆపితే పోతాయి. అందుకే ఇక్కడ లెక్క తప్పడం ఉండదు. అయితే ఇది సంకేతమే, కరెంటు సరఫరా కాదు. సాధారణంగా 100 నుంచి 150 మిల్లీఆంపులు ఇస్తుంది, మాన్యువల్‌లో చూసుకోండి. మోటారును నేరుగా తగిలించకండి, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టండి. దానిలోని 400 ఓమ్‌ల కాయిల్ 30 మిల్లీఆంపులే తీసుకుంటుంది. కాయిల్ రెండు కొనల మధ్య, కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ వెయ్యాలి, గీత ఉన్న వైపు ప్లస్‌కు. లేకపోతే రిలే ఆగిన క్షణంలో వచ్చే ఎదురు వోల్టేజీ ట్రిగ్గర్ పోర్టును చంపేయవచ్చు. రెండు పరికరాల ట్రిగ్గర్ అవుట్‌లను ఎప్పుడూ ఒకదానికొకటి కలపకండి.

ఇక రిపీటర్‌ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వెలుగు. రిమోట్ కోడ్ సాధారణంగా 38 కిలోహెర్ట్జ్ దగ్గర కొట్టుకునే పరారుణ వెలుగు. కొన్ని ఎల్‌ఈడీ దీపాలు, కిటికీలోంచి నేరుగా పడే ఎండ కన్నును తికమక పెడతాయి. రిమోట్ ముట్టుకోకుండానే హబ్ దీపం మిణుకుమంటుంటే ముందు దీపాలు ఆర్పి చూడండి. అయినా ఆగకపోతే ఎమిటర్ వెలుగే తలుపు సందుల్లోంచి తిరిగి కన్నుకు చేరుతుండవచ్చు. మైకు ముందు స్పీకరు పెడితే వచ్చే కూతలాంటిదే ఇదీ. ఎమిటర్ మీద నల్ల టేపు కప్పితే పోతుంది.

ఎమిటర్ అంటించే ముందు టార్చి ఏటవాలుగా వేసి, నల్ల ప్లాస్టిక్ వెనక సెన్సార్ ఎక్కడుందో చూడండి. సరిగ్గా దాని ఎదుటే పెట్టినా కొన్ని పరికరాలు పలకవు, వెలుగు మరీ ఎక్కువవడమే కారణం. ఒక సెంటీమీటరు పక్కకు జరిపితే చాలు. కన్ను తీగను పొడిగించాలంటే మూడు తీగలుండే స్టీరియో కేబులే కావాలి. మోనో పెడితే ఒక తీగ లేనట్టే. క్యాట్5 (నెట్‌వర్క్) వైరుతో అతుకు వేస్తే పవర్, సిగ్నల్, గ్రౌండ్ వరుసను కిట్ కాగితంతో సరిచూసుకోండి, తారుమారైతే కన్ను కాలిపోవచ్చు.

ప్రొజెక్టర్‌కు ఆర్‌ఎస్-232 (తీగ మీదుగా ఆదేశాలు పంపే సీరియల్ పోర్టు) ఉంటే వదలకండి, అది జవాబు కూడా ఇస్తుంది. 9 పిన్‌ల ప్లగ్‌లో 2, 3 (డేటా), 5 (గ్రౌండ్) చాలు. ఏమీ పలకకపోతే 2, 3 తారుమారు చేసి చూడండి. అప్పటికీ మౌనమైతే బాడ్ రేటు (డేటా వేగం), ఆదేశం చివర పంపాల్సిన క్యారేజ్ రిటర్న్ (ముగింపు గుర్తు) చూడండి.

ఒక పరికరం మరోదాన్ని హెచ్‌డీఎంఐ తీగ మీదుగా నడిపే సీఈసీని టీవీకి, రిసీవర్‌కు మధ్యనే ఉంచి మిగతా వాటిలో ఆపేశాను. 13వ పిన్ మీద అన్నీ ఒకే తీగను పంచుకుంటాయి కాబట్టి ఏ ప్లేయర్ నిద్ర లేచినా ఇన్‌పుట్ తనవైపు లాక్కుంటుంది.

ఎమిటర్ల జిగురు ఆంప్ వేడికి ఎండి ఊడుతుంది. పరికరం పలకడం మానేస్తే కోడ్‌లు, సెట్టింగులు ముట్టుకోకముందే ఎమిటర్ దాని చోట ఉందా చూసి, ఫోను ముందువైపు (సెల్ఫీ) కెమెరాలోంచి దాన్ని గమనించండి. బటన్ నొక్కినప్పుడు ఊదారంగు వెలుగు మెరిస్తే తీగ, హబ్ బాగున్నట్టే.