“ఆ ట్రైను క్యాన్సిలండి”: కారు లేకుండా విశాఖలో మూడు రోజులు

సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లో మూడు రోజులు వైజాగ్ వెళ్ళొచ్చాం. నేను, మా ఆవిడ, పదేళ్ళ మావాడు హైదరాబాద్ నుంచి, మా అత్తగారు విజయనగరం నుంచి. కారు మాట్లాడకుండా బస్సులూ రైళ్ళలోనే కొండా అడవీ సముద్రం చూడాలని నా పంతం. హైదరాబాద్ రానుపోను టికెట్లు పోగా పదివేలు దాటకూడదని మా ఆవిడ పంతం.

దిగింది ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) దగ్గర ఒక లాడ్జిలో. ఫోన్లో రోజుకి 1,400 అన్నారు. బయట ‘24 గంటల చెకౌట్’ అని అడుగెత్తు అక్షరాలతో బోర్డు. తెల్లారి ఆరింటికి వెళ్తే, మధ్యాహ్నం పన్నెండు లోపు వచ్చినందుకు ‘ఎర్లీ’ చార్జీ 600 కట్టమన్నాడు కౌంటర్లో కుర్రాడు. బోర్డు చూపించాను. “అది పాత ఓనరు పెట్టిందండి” అన్నాడు. రాత్రంతా రైల్లో నిద్ర లేదు, కట్టేశాను. బాత్రూంలో బకెట్టు పిడి ఊడిపోతే కరెంటు వైరుతో కట్టారు. పోనీ, సర్దుకున్నాం.

ఆ రోజు కంబాలకొండలో అడవి దారిన నడిచాం. హాయిగా ఉంది, చెప్పుకోవడానికేం లేదు.

రాత్రి కౌంటర్ దగ్గరికెళ్ళి, “రేపు అరకు ట్రైనుకి బొర్రా వెళ్తున్నాం, అయిదున్నరకి గేటు తీయించండి” అన్నాను. ఆ కుర్రాడు మొహం దిగాలుగా పెట్టి, “ఆ ట్రైను క్యాన్సిలండి. ఘాట్లో రాళ్ళు పడ్డాయి. మా బండి ఉంది, 4,500కి అన్నీ చూపించేస్తాడు” అన్నాడు. వానాకాలంలో ఆ లైను మీద కొండచరియలు పడటం మామూలే కాబట్టి నమ్మేశాం. జనవరిలో వానేమిటన్నది బుర్రకి తట్టలేదు. మా ఆవిడ అడ్వాన్సు 500 కోసం పర్సు తీసేసింది కూడా. అత్తగారే ఆపారు. “ఉండండి అల్లుడుగారూ, ఒకసారి 139కి కొట్టండి.”

కొట్టాను. రైలు టైముకే ఉంది.

అడిగితే, “అవునాండీ? మాకలా చెప్పారండి మరి” అన్నాడు, రెప్ప వేయకుండా. ఆ రాత్రి మా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ కోపం వాడి మీదో, పర్సు తీసిన తన మీదో తెలీదు.

ఈ రైలుకి ముందే స్లీపర్లో రిజర్వేషన్ చేయించుకోండి, మనిషికి నూట యాభై అటూ ఇటూ. జనరల్లో ఎక్కితే కిటికీ మీద ఆశ వదులుకోవాలి. అద్దాల విస్టాడోమ్ బోగీ మా పదివేల పంతానికి కుదరదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇది. 58 సొరంగాలని చెప్తే మావాడు వేళ్ళు మడుస్తూ కూర్చుని, పన్నెండో దాని దగ్గర ఇడ్లీ రావడంతో లెక్క తప్పాడు.

బొర్రా స్టేషన్ నుంచి గుహలకి నడవొచ్చు. ఆటోవాళ్ళు 150 అంటారు, వినకండి. బయట బొంగులో చికెన్ అరకిలో అని 350 తీసుకున్నారు. బొంగు చీల్చి ఆకులో ఒంపితే, నూనె చుక్క లేదు, పసుపూ కారం ముక్కకి అంటుకుని పొగలు కక్కుతోంది. ఎముకలు పోతే పావుకిలో కూడా ఉండదు, అయినా ఇంకో బొంగు కొన్నాం. శనివారమని అత్తగారు ముట్టలేదు. పక్కకి తిరిగి కూర్చుని జామకాయ కొరుకుతున్నారు. తిరుగు రైలు రెండు గంటలు లేటన్నారు. షేర్ ఆటోలో మెయిన్ రోడ్డుకొచ్చి ఆర్టీసీ బస్సు ఎక్కాం. ఘాట్ మలుపుల్లో మా ఆవిడకి వాంతులు. నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి.

ఆదివారం 900K నంబరు సిటీ బస్సులో భీమిలి. అత్తగారు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. మా ఆవిడా ధీమాగా ఆధార్ తీసింది. కండక్టరమ్మ చూసి నవ్వి, “మీది తెలంగాణ కదమ్మా, అక్కడే ఫ్రీ” అంది. పుట్టింది విజయనగరంలో, టికెట్ కొనాల్సింది వైజాగ్‌లో! దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కిన చోటు, నీడకి మాత్రం చెట్టు వెతుక్కోవాలి. ఎండ ముదరకముందే వెళ్ళండి. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట కూర్చుని తేగలు తిన్నాం, కట్ట 40. “నిన్న గుహలో మన నెత్తిన కారిన నీళ్ళు ఇవేనా?” అన్నాడు మావాడు. గోస్తని బొర్రా గుహల మీదుగానే వస్తుంది మరి. ఆ నది వెంబడే తిరిగామని నాకప్పుడు తట్టింది.

మొత్తం 9,340 అయింది, ఆ ‘ఎర్లీ’ 600తో సహా. రాత్రి గది ఖాళీ చేస్తుంటే ఆ కుర్రాడు ఫోన్ చాపి, “మేడమ్, అయిదు స్టార్లు కొట్టండి” అన్నాడు.

“సిగ్నల్ లేదు బాబూ, ఘాట్లో రాళ్ళు పడ్డాయట” అంది మా ఆవిడ.