ఏడు చలికాలాలు ఒకే గిన్నెలో: పోత ఇనుప కొకోట్ వాడిన అనుభవం

మా వంటింట్లో అన్నిటికన్నా బరువైన వస్తువు ఇదే. మూతతో కలిపి అయిదు కిలోలు దాటుతుంది. 2018 జనవరిలో, ఇక్కడ ఫ్రాన్స్‌లో ఏటా రెండుసార్లు పెట్టే తగ్గింపు అమ్మకాల్లో కొన్నాను. లియోన్‌లో మెట్రో దిగి ఇంటికి నడిచే పది నిమిషాల్లో చేతులు ఎన్నిసార్లు మార్చుకున్నానో లెక్కలేదు. మా ఆయన తలుపు తీసి, సంచీ అందుకుని, "ఇందులో ఏం పెట్టి తెచ్చావు?" అన్నారు. ఏమీ లేదు, ఖాళీ గిన్నే.

పోత ఇనుముతో చేసి, లోపలా బయటా ఎనామెల్ పూసిన గుండ్రటి గిన్నె. ఫ్రెంచ్ వాళ్ళు కొకోట్ అంటారు. నాది 26 సెంటీమీటర్లది, అయిదు లీటర్ల పైచిలుకు పడుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం గిన్నెలన్నీ చాలావరకు ఒకలాగే పనిచేస్తాయి.

ఫ్రెంచ్ వంటంటే మొదట్లో నాకు భయమే. పొడుగు తెల్లటోపీలు, పేర్లు పలకడం రాని సాసులు, ఒక్కో ప్లేట్‌లో రెండు ముద్దలు. ఇళ్ళల్లో వండుకునేది అది కాదని మా అంతస్తులోనే ఉండే పెద్దావిడ వల్ల తెలిసింది. ఆదివారం పదకొండు గంటలకి వాళ్ళ గుమ్మం దాటాలంటే కాళ్ళు ఆగిపోయేవి, అంత మంచి వాసన. ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను. "నేను చేసేదేముంది మదామ్, గిన్నె బరువైనది అయితే చాలు. అందులో వేసి మీరు పత్రిక చదువుకోండి" అంది. సన్నసెగ మీద మూతపెట్టి గంటలకొద్దీ ఉడకనివ్వడాన్ని వాళ్ళు మిజోటే అంటారు. మనం వంకాయని మగ్గనిస్తాం చూడండి, దానికి పెద్దక్క అన్నమాట.

ఇది కొనకముందు సూపర్ మార్కెట్లో దొరికిన చవక కొకోట్ ఒకటి ఉండేది. ఏడాదిన్నర వచ్చింది. ఒకరోజు అడుగంటిందని కంగారుపడి, వేడి గిన్నెని అలాగే తీసుకెళ్ళి చన్నీళ్ళ కుళాయి కింద పెట్టాను. 'టిక్' మని చప్పుడు. అడుగున రూపాయి బిళ్ళంత ఎనామెల్ ఊడి నల్లటి ఇనుము బయటపడింది. తప్పు గిన్నెది కాదు, నాది. ఎనామెల్ అంటే ఇనుము మీద కరిగించి అతికించిన గాజుపొర. వేడి గాజు మీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో మనకి తెలిసిందే. లోపలి పూత ఊడిన గిన్నెలో వండితే గాజు పెచ్చులు కూరలోకి రావచ్చు కాబట్టి పారేశాను. అయితే ఒకమాట చెప్పాలి. ఉన్నన్నాళ్ళూ ఆ చవక గిన్నెలో వండినదానికీ, ఇప్పుడు ఇందులో వండేదానికీ రుచిలో నాకు తేడా తెలియలేదు. ఖరీదంతా పూత మన్నికకీ, మూత అమరికకీ, కొంత రంగుకీ.

ఇక వంటల సంగతి. ఈ గిన్నెలో నేను లెక్కలేనన్నిసార్లు చేసింది ఉల్లిపాయ సూపు. వింటే పేదింటి వంటే. ఉల్లిపాయలు, వెన్న, ఎండిన బ్రెడ్డు, మీద కాస్త చీజ్. పారిస్ నడిబొడ్డున లే ఆల్ అనే పెద్ద టోకు మార్కెట్ ఉండేది, 1969లో ఊరి బయట రుంజిస్‌కి మార్చేశారు. అక్కడ రాత్రంతా బస్తాలు మోసేవాళ్ళు తెల్లవారుజామున తాగిన సూపు ఇది. లియోన్ వాళ్ళు మాత్రం ఇది మాదే అంటారు. ఆ గొడవలోకి నేను వెళ్ళను, ఇక్కడే ఉండాలి కదా.

కిలో ఉల్లిపాయలు నిలువుగా సన్నగా తరగాలి. 50 గ్రాముల వెన్న, ఒక చెంచా నూనె, అర చెంచా ఉప్పు. మొదట మూతపెట్టి సన్నసెగ మీద పావుగంట ఉంచితే గిన్నె నిండా ఉన్నది సగానికి దిగిపోయి నీరు వదులుతుంది. మూత తీసి, మరో 45 నిమిషాలో గంటో, అప్పుడప్పుడూ కలుపుతూ ఉండాలి. పది నిమిషాల్లో ఎర్రబడతాయని రాసేవాళ్ళని నమ్మకండి. పది నిమిషాల్లో అయ్యేది మనం బిర్యానీ మీద చల్లుకునే వేపుడు ఉల్లిపాయ. అది కరకరలాడుతుంది, కొంచెం చేదుగా ఉంటుంది. దాంతో సూపు పెడితే ఆ చేదే తేలుతుంది. నేను మొదటిసారి చేసిన నిర్వాకం అదే. ఇక్కడ కావలసింది జాములాగా మెత్తబడి, పనసతొన రంగు దాటి, తాటిబెల్లం రంగుకి వచ్చిన ఉల్లిపాయ.

గిన్నె ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. పల్చటి స్టీలు గిన్నెలో మంట తగిలినచోట మాడి, పక్కన పచ్చిగా ఉంటుంది. పోత ఇనుము వేడెక్కడానికి బద్ధకిస్తుంది, వేడెక్కాక వదలడానికి కూడా బద్ధకిస్తుంది. దాంతో అడుగంతా ఒకేలా కాగి, గోధుమరంగు పొర పలచగా అంటుకుంటుంది. అది మాడు కాదు, అసలు రుచి దాంట్లోనే ఉంది. ఒక చెంచా మైదా చల్లి రెండు నిమిషాలు తిప్పి, చిన్న గ్లాసు వైట్ వైన్ పోసి చెక్క గరిటతో గోకితే ఆ పొరంతా కరిగి పులుసులోకి దిగుతుంది. ఆపైన లీటరుంబావు వేడి స్టాక్. అసలు పద్ధతిలో అది ఆవుమాంసపు ఎముకలతో కాచినది. మా ఇంట్లో బీఫ్ తినం కాబట్టి కోడి ఎముకలతో కాస్తాను. అరగంట మరిగాక, కాల్చిన బ్రెడ్డు ముక్కలు తేల్చి, పైన తురిమిన కోంటే చీజ్ దట్టంగా చల్లి, ఓవెన్‌లో పై మంట కింద పొంగి మచ్చలు పడేదాకా పెట్టడమే. కొకోట్‌ని అలాగే ఓవెన్‌లోకి తోసెయ్యొచ్చు, కానీ మూత పిడి ఏంటో ముందు చూసుకోండి. కొన్నిటికి ప్లాస్టిక్‌లాంటి నల్ల పిడి ఉంటుంది, దానికి ఇంతవరకే అని ఒక వేడి పరిమితి ఉంటుంది.

తర్వాతది కోక్ ఓ వాన్. కోక్ అంటే కోడి కాదు, పుంజు. ఇది మనవాళ్ళకి చెప్పవలసిన విషయం. ముదిరిపోయి, మామూలుగా వేపితే పంటికి లొంగని పుంజుని రాత్రంతా వైన్‌లో నానేసి, గంటలకొద్దీ మగ్గించి మెత్తబరిచే ఉపాయమే ఈ వంట. సూపర్ మార్కెట్ బ్రాయిలర్‌తో చేస్తే 50 నిమిషాలకే ముక్క విడిపోతుంది. సాసుకి మాత్రం ఆ చిక్కదనం రాదు. నాటుకోడి పులుసు తిన్నవాళ్ళకి ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. మా లియోన్‌లోనే ఉన్న క్ర్వా రూస్ కొండమీద బజారులో కోళ్ళు అమ్మేవాడికి ముందువారం చెప్పి పుంజుని తెప్పించుకుంటాను.

రెండు కిలోల ముక్కలకి ఒక సీసా, అంటే 75 సెంటీలీటర్ల రెడ్ వైన్. దీనికి పేరుపడింది బర్గండీ వైనే. మాకు దగ్గర కాబట్టి బోజోలే పోస్తాను. ఖరీదైనది అక్కర్లేదు, అలాగని గ్లాసులో పోసుకుని తాగలేనిది కూరలో బాగుంటుందని అనుకోకండి. మరిగేకొద్దీ దాని పులుపు ఇంకా పదునెక్కుతుంది. క్యారెట్, ఉల్లిపాయ, థైమ్, బిర్యానీ ఆకుకి దగ్గరి చుట్టంలాంటి బే ఆకు వేసి ఒక రాత్రి నానాలి. మర్నాడు ముక్కల్ని తీసి గుడ్డతో పొడిగా తుడవాలి. నేను చాలాకాలం ఈ పని ఎగ్గొట్టాను. తడి ముక్క వేగదు, ఉడుకుతుంది, సాసు పాలిపోయి వస్తుంది. నాలుగైదు ముక్కల చొప్పున ఎర్రగా వేపి, చెంచాడు మైదా చల్లి, వైన్ పోసి, మూతపెట్టి ఓవెన్‌లో 140 డిగ్రీల దగ్గర రెండున్నర గంటలు. పొయ్యి మీద కూడా అవుతుంది, కానీ ఓవెన్‌లో అన్నివైపులా ఒకటే సెగ, అడుగంటే టెన్షన్ లేదు. బరువైన మూత ఆవిరిని పోనివ్వదు, నీరై మళ్ళీ కిందికే కారుతుంది. పుట్టగొడుగులు, చిన్న ఉల్లిపాయలు విడిగా వెన్నలో వేపి చివర్లో కలపాలి. పొగబెట్టిన పందిమాంసం ముక్కలు కూడా వేస్తారు. మా ఆయన తినరు కాబట్టి టర్కీ కోడితో చేసినవి వాడతాను, పర్లేదు.

మొదటిసారి చేసినప్పుడు రుచి చూసి, ఏదో తక్కువైందనిపించి చెంచాడు కారం, చిటికెడు గరం మసాలా వేశాను. కూరా కాలేదు, కోక్ ఓ వాన్ కూడా కాలేదు. తక్కువైంది కారం కాదు, ఒక రాత్రి. పొద్దున వేడిచేసి తింటే ఇంకో వంటలా ఉంది. అప్పట్నుంచి ఇది శనివారం వండి ఆదివారం తినే వంటే.

ఉడికితే వైన్‌లోని ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుందని చాలామంది చెప్తారు. నిజం కాదు, గంటలు మరిగినా కొంత మిగులుతుంది. అస్సలు వద్దనుకునేవాళ్ళు ఇది వదిలేసి పూల్ ఓ పో చేసుకోండి. ముసలి పెట్టని లీక్స్ (లావుపాటి ఉల్లికాడల్లాంటివి), క్యారెట్లు, టర్నిప్‌లతో నీళ్ళలో రెండున్నర గంటలు ఉడకబెట్టడమే. ప్రతి రైతు ఇంట్లోనూ ఆదివారం ఇది ఉండాలని ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ కోరుకున్నాడని చెప్పుకుంటారు. అన్నంతో వడ్డిస్తారు కాబట్టి మా పిల్లకి అన్నిటికన్నా ఇదే ఇష్టం. చారులా కలిపేసుకుంటుంది.

రాటటూయ్ గురించి రెండు ముక్కలే. నీస్ వైపుది. వంకాయ, జుకినీ, క్యాప్సికమ్, టమాటా అన్నీ మనకి తెలిసినవే. అన్నిటినీ ఒకేసారి వేస్తే గుజ్జవుతుంది, విడివిడిగా వేపి చివర్లో కలిపి అరగంట మగ్గిస్తే దేని రుచి దానికుంటుంది. జులై, ఆగస్టు దాటాక చేయకండి, చలికాలపు టమాటాతో దండగ.

కుదరనివీ ఉన్నాయి. గ్రాతాఁ దోఫినువా, అంటే పాలు, క్రీములో బేక్ చేసే ఆలుగడ్డ, దీంట్లో బాగా రాదు. దానికి వెడల్పుగా, తక్కువ లోతుతో ఉన్న పాత్ర కావాలి, పైన ఎర్రబడే భాగం ఎక్కువుండాలి కదా. ఆమ్లెట్ వేయబోయి ఒకసారి గంటసేపు గోకాను. దమ్ బిర్యానీ మాత్రం అద్భుతంగా వస్తుంది, మూత చుట్టూ పిండి అతికించే పని కూడా లేదు.

ఏడేళ్ళ తర్వాత గిన్నె ఎలా ఉందంటే: బయట రంగు అలాగే ఉంది, పిడి దగ్గర ఒక చిన్న గాటు తప్ప. లోపల మొదట పాలమీగడ రంగు, ఇప్పుడు టీ కప్పు అడుగులా ఉంది. దానికి కారణం ఫ్రెంచ్ వంట కాదు, నా పసుపు. బేకింగ్ సోడా వేసి నీళ్ళు మరిగించి వదిలేస్తే చాలావరకు పోతుంది, మొత్తం పోదు. మనలా పసుపు వాడేవాళ్ళు లోపల నల్లపూత ఉన్నది కొనుక్కోవడం మేలు. ఒక్కటే నష్టం, ఉల్లిపాయ ఏ రంగుకొచ్చిందో నల్లటి అడుగులో సరిగ్గా కనబడదు. డిష్‌వాషర్‌లో కొన్నాళ్ళు పెట్టాను, మెరుపు తగ్గిందని మానేశాను. అంచు దగ్గర పూతలేని చోట తడి ఉంటే తుప్పు చుక్కలు వస్తాయి, తుడిచి నూనె చెయ్యి రాస్తే సరి. ఇండక్షన్ పొయ్యి మీద నెంబరు 6 దాటించను, ఖాళీ గిన్నెని కాచను.

బరువు మాత్రం నిజమైన సమస్య. నిండా సూపు ఉన్నప్పుడు ఓవెన్ నుంచి తీయడానికి ఇద్దరం కావాలి. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు దీని జోలికి రావద్దు. ఇద్దరే ఉండే ఇంటికి 24 చాలు. మేం ముగ్గురం, అతిథులు వస్తారు కాబట్టి 26 సరిపోయింది.

2023లో అమ్మ తెనాలి నుంచి మూడు నెలలకి వచ్చింది. మొదటిరోజే ఎత్తబోయి "ఏమిటే ఇది, గిన్నా రోలా?" అంది. వారం తిరిగేసరికి దాంట్లో చేపల పులుసు పెట్టింది. చింతపండుకి పూత చెక్కుచెదరలేదు. పొయ్యి కట్టేశాక కూడా పావుగంట కుతకుతలాడుతుంటే "అచ్చం మా అమ్మమ్మ రాచ్చిప్పలాగే ఉందే" అని మురిసిపోయింది. గొడవల్లా కలపడం దగ్గర వచ్చింది. ముక్క విరక్కుండా గరిట పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పుతాం కదా. ఆవిడ రెండు చేతులతో పట్టి తిప్పబోతే గిన్నె కదిలితేనా!

అయినా వెళ్ళేటప్పుడు తనకీ ఒకటి కావాలంది. వచ్చేటప్పుడు ఆవకాయ, కందిపొడి తెచ్చిన చోటు సూట్‌కేసులో ఖాళీగానే ఉంది, 20 సెంటీమీటర్లది కొనిచ్చాను. ఇప్పుడు తెనాలిలో దాంట్లో ముద్దపప్పు, మాగాయ పప్పు వండుతోంది. మూత బరువని వంటకి వాడట్లేదట. రాత్రిళ్ళు పాలగిన్నె మీద పెడుతోంది, పిల్లి తొయ్యలేకుండా.