లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు: సెమిస్టర్ మొదట్లో వెళ్లేవాళ్లకి

విజయవాడ ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గరి పాత పుస్తకాల కొట్లు కాలేజీ పిల్లలకి నిజంగా పెద్ద ఆసరా. పుస్తకం పేరొక్కటే చాలదు; రచయిత, ఎడిషన్ రాసుకెళ్లండి. ఎడిషన్ మారితే లెక్కల నంబర్లు మారిపోతాయి, అసైన్‌మెంట్ దగ్గర తంటా. డబ్బులిచ్చే ముందు పేజీ నంబర్లు చూస్తూ మొత్తం తిప్పాలి. కుట్టు సడలితే ఊడేది ఒక్క పేజీ కాదు, 16 పేజీల కట్ట మొత్తం ఊడొచ్చు. థర్మోడైనమిక్స్, స్టాటిస్టిక్స్ పుస్తకాలకైతే చివరి పట్టికలు ఉన్నాయో లేదో చూడండి, అవి లేకపోతే లెక్క ముందుకి సాగదు. పెన్సిల్ గీతలు రబ్బరుతో పోతాయి. హైలైటర్ పోదు, అది చూపించి బేరమాడొచ్చు. అంచులు అలలు తిరిగి ముక్కిన వాసన వస్తుంటే వానకి తడిసినట్టే, ఎంత చవకైనా వద్దు. చదివాక వెనక్కి తీసుకుంటారా, ఎంతకి అన్నది కొనేటప్పుడే అడగండి.