జాగ్రత్త: సర్టిఫికెట్ల ఫైలు కొనేముందు లోపలి కవరు ఏ ప్లాస్టిక్కో చూసుకోండి

ఇంట్లో కాగితాలన్నీ ఒకచోట సర్దుదామని జిప్పు ఫైలు కొనబోతున్నవాళ్లకు ఈ హెచ్చరిక. పైన రెగ్జిన్ అట్ట, లోపల ఇరవై ముప్పై పారదర్శక కవర్లు, అట్ట మీద బంగారు రంగులో 'సర్టిఫికెట్స్' అని అచ్చు. ఆ ఫైలు గురించే. అన్నీ చెడ్డవని కాదు. మెత్తటి పీవీసీ కవర్లున్నవి మాత్రం కొన్ని వేసవులు గడిచేసరికి కాగితాన్ని మింగేస్తాయి. భద్రంగా ఉందనుకున్న మార్కుల మెమో బయటికి తీయబోతే రాదు, కవరుకు అతుక్కుపోయి ఉంటుంది. కాస్త గట్టిగా లాగితే చిటచిటమంటూ కాగితం ఊడొస్తుంది కానీ అక్షరాలు కవరు మీదే ఉండిపోతాయి, అద్దంలో చూసినట్టు తిరగబడి. హాల్‌టికెట్ నంబరులో సగం అంకెలు కాగితం మీద, మిగతా సగం ప్లాస్టిక్ మీద.

తప్పు కాగితానిది కాదు. పీవీసీ అసలు గట్టి సరుకు, మన బోరు పైపులు అదే. దాన్ని కవరులా మెత్తగా వంచాలంటే నూనెలాంటి ప్లాస్టిసైజర్లు కలపాలి. అవి లోపల నిలకడగా ఉండవు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పైకి ఊరుతుంటాయి. ఇక జిరాక్సు మీద, లేజర్ ప్రింటు మీద ఉండేది సిరా అనుకుంటాం. కాదు, అది టోనర్. రంగు కలిపిన ప్లాస్టిక్ పొడిని వేడితో కాగితం మీద కరిగించి అంటిస్తారు. ఊరిన నూనె ఆ పొడిని మళ్లీ మెత్తబరుస్తుంది. పైన నాలుగు ఫైళ్ల బరువు, మే నెలలో స్టీలు బీరువా లోపలి ఉక్క తోడైతే ఇక టోనరూ కవరూ ఒకటైపోతాయి. అందుకే ప్రెస్సులో అచ్చయిన పాత సర్టిఫికెట్లు ఒక్కోసారి బతికిపోతాయి, ఈమధ్య లేజర్ ప్రింటరు మీద వచ్చినవి ముందు పోతాయి.

మరి కొట్లో గుర్తుపట్టేదెలా? ముందు వాసన. తెరవగానే కొత్త రెగ్జిన్ సీటు వాసన గుప్పుమంటే పక్కన పెట్టేయండి. తర్వాత రెండు కవర్లను ఒకదానికొకటి నొక్కి వదలండి. పీవీసీ అయితే అంటుకుని, విడదీస్తే జిగటగా వస్తుంది. పాలీప్రొపిలీన్, అంటే పీపీ, పొడిగా ఉంటుంది, వంచితే కరకరలాడుతుంది, చాలావాటిలో కాస్త పాలరంగు మసక ఉంటుంది. అడుగున త్రికోణం గుర్తులో 5 ఉంటే పీపీ, 3 ఉంటే పీవీసీ. చవక ఫైళ్ల మీద ఆ గుర్తే ఉండదు లెండి. అప్పటికీ అనుమానంగా ఉంటే కవరు మూల నుంచి గోరంత ముక్క కత్తిరించి, సబ్బు చుక్క వేసిన గ్లాసు నీళ్లలో పూర్తిగా ముంచి వదలండి. పీపీ తేలుతుంది, పీవీసీ మునుగుతుంది. నీళ్ల బాటిల్ రకం పాలిఎస్టర్ కూడా మునుగుతుంది కానీ అది గట్టిగా, గాజులా ఉంటుంది, దానితో భయం లేదు. ఆన్‌లైన్‌లో కొంటే ఒక చిక్కు: ముక్క కత్తిరించాక వాపసు తీసుకోరు. కాబట్టి వాసన, జిగట పరీక్షలు వచ్చిన రోజే చేసేయండి. 'ప్రీమియం క్వాలిటీ' అని రాసి, ఏ ప్లాస్టిక్కో రాయని చోట ముందే అడగండి.

ఇప్పటికే అంటుకుపోయి ఉంటే లాగకండి. ముందు కవరుతో సహా రెండు వైపులా స్కాన్ తీయండి, 300 డీపీఐ, రంగుల్లో. అక్షరాలు కవరులోంచి ఇంకా కనబడుతున్నది ఇప్పుడే, లాగాక ఉండవు. తర్వాత కవరును మూడు అంచులా కత్తిరించండి. ఏసీ గదిలో చల్లబడనిచ్చి, కాగితాన్ని బల్ల మీద అదిమిపట్టి, ప్లాస్టిక్‌ను వెనక్కి మడిచినట్టుగా నెమ్మదిగా తీయండి. కాగితాన్ని ప్లాస్టిక్ నుంచి కాదు, ప్లాస్టిక్‌ను కాగితం నుంచి. హెయిర్ డ్రయర్ మాత్రం వద్దు, వేడి చేస్తే టోనర్ ఇంకా కరుగుతుంది.

ఫైలు భయంతో లామినేషన్ కొట్టుకు పరుగెత్తేవాళ్లున్నారు. అది ఇంకా పెద్ద తప్పు. ఫైలు పాడుచేయడానికి ఏళ్లు పడుతుంది, లామినేషన్‌కు అర నిమిషం చాలు. కాగితాన్ని దూర్చే లామినేషన్ పౌచ్‌కు బయట పాలిఎస్టర్ పొర, లోపల వేడికి కరిగే జిగురు. 100 డిగ్రీలు దాటిన రోలర్ల మధ్య నుంచి వెళ్లేసరికి ఆ జిగురు కాగితం పీచులోకి దిగిపోతుంది. 'అవసరమైతే మళ్లీ తీసిస్తాం' అని కొట్టువాడు చెబితే నమ్మకండి, తీస్తే కాగితం పై పొర కూడా దానితో వస్తుంది. తేమగా ఉన్న కాగితానికి బుడగలు, ఇంకు పెన్ను సంతకానికి మరకలు, హోలోగ్రామ్‌కు ముడతలు అదనం.

లామినేట్ చేసిన కాగితం చూడ్డానికి బాగానే ఉన్నా దానితో పని జరగదు. విదేశాలకు వెళ్లేటప్పుడు అపోస్టిల్‌కైనా (పత్రం అసలుదేనని ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ), గల్ఫ్ ఉద్యోగాల అటెస్టేషన్‌కైనా ముద్ర పడాల్సింది అసలు డిగ్రీ మీదే. ప్లాస్టిక్ మీద ముద్ర వేయరు, తిప్పి పంపుతారు. ఇంటి దస్తావేజు సంగతీ అంతే. స్టాంపు పేపరు, వేలిముద్రలు, వెనక సబ్‌రిజిస్ట్రార్ రాసిన ఎండార్స్‌మెంట్, ఇవన్నీ చేత్తో తడిమి, వెలుతురుకు పెట్టి చూస్తేనే అసలుదో నకిలీయో తేలేది. బ్యాంకు లాయరుకు లామినేట్ చేసిన దస్తావేజు ఇస్తే మొదటి ప్రశ్న 'ఎందుకు చేయించారు' అనే. సర్టిఫైడ్ కాపీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో దొరుకుతుంది గానీ లోనుకు తాకట్టు పెట్టడానికి అడిగేది అసలు దస్తావేజే. లామినేషన్ తప్పనిసరి అనిపిస్తే జిరాక్సుకు చేయించుకోండి. పనిలో పనిగా, ఆధార్‌ను ఏటీఎం కార్డులా కొట్టిస్తామనే కొట్లకూ దూరంగా ఉండండి. బయట అచ్చేయించిన పీవీసీ కార్డులు వాడొద్దని ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ 2022లోనే చెప్పింది. అసలు పీవీసీ కార్డు వాళ్ల సైటులోనే ఆర్డరు పెట్టుకోవచ్చు, 2020 అక్టోబరు నుంచి ఇస్తున్నారు.

బిల్లుల దగ్గర అందరూ దెబ్బతింటారు. బంగారం కొట్టు బిల్లు, ఫ్రిజ్ బిల్లు నున్నటి చుట్ట కాగితం మీద వస్తే అది థర్మల్ ప్రింటు. సిరా ఉండదు, కాగితం మీది రసాయన పూత వేడికి నల్లబడి అక్షరమవుతుంది. లామినేషన్ రోలరులో పెడితే కాగితమంతా నల్లబడుతుంది. పీవీసీ కవరులో పెడితే రివర్సు: ప్లాస్టిసైజరు తగిలి అక్షరాలు వెలిసిపోతాయి. సెల్లోటేపు వేసినా అంతే, టేపు కింద పట్టీ మేర తెల్లబడుతుంది. కంప్రెసరుకు పదేళ్ల వారంటీ అంటారు, బిల్లు రెండేళ్లలో తెల్లకాగితం. తెచ్చిన రోజే జిరాక్సు తీసి, రెండూ కలిపి ఒక మామూలు కాగితం కవరులో పెట్టండి. గోరుతో గీసి చూడండి: నల్ల గీత పడితే థర్మలే.

సైజు కూడా. పాత స్టాంపు పేపర్లు ఏ4 కన్నా పొడుగు. ఏ4 ఫైలులో పట్టక అడుగున మడిచి దూరుస్తారు, ఏళ్లకు ఆ మడత దగ్గరే చిరుగుతుంది. దస్తావేజులకు ఫుల్‌స్కేప్ లేదా లీగల్ సైజు ఫైలు అడగండి, ఆ కాగితాలకు పంచ్ బొక్కలు వేయకండి. రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుంటాయి, జెమ్ క్లిప్పులు తుప్పు ముద్ర వేస్తాయి. రెండూ తీసేయండి.

'ఫైర్‌ప్రూఫ్ డాక్యుమెంట్ బ్యాగ్' అని అమ్మే వాటి మీద వెయ్యి డిగ్రీలు దాటిన అంకె ఒకటి వేస్తారు. ఆ గుడ్డ సిలికాన్ పూసిన ఫైబర్‌గ్లాస్. గుడ్డ అంటుకోకపోవడం నిజం కావచ్చు, కానీ లోపలికి వేడి వెళ్లకుండా ఆపే మందం దానికి లేదు. కాగితం 230 డిగ్రీల చుట్టుపక్కలే మాడుతుంది, పీపీ కవరు 160 దాటితే కరుగుతుంది. అసలైన ఫైర్ సేఫ్‌కు, అంటే మంటను తట్టుకునే ఇనప్పెట్టెకు, రేటింగు వేరే లెక్కలో ఇస్తారు: బయట మంట ఇంతసేపు ఉన్నా లోపలి వేడి 177 డిగ్రీలు దాటదు అని, గంట, రెండు గంటలు అని. సమయం రాయని అంకెకు డబ్బులు పెట్టొద్దు. నిప్పు భయం ఉంటే స్కాన్లు వేరేచోట దాచడమే చవక. ప్రభుత్వ ఆన్‌లైన్ పత్రాల ఖాతా డిజీలాకర్‌లో 'ఇష్యూడ్' కింద, అంటే ఇచ్చిన సంస్థ నుంచే నేరుగా, వచ్చిన పత్రం 2016 నిబంధనల ప్రకారం అసలుతో సమానం. మనం ఫొటో తీసి 'అప్‌లోడ్' చేసుకున్నదానికి ఆ హోదా లేదు.

ఏరివేశాక మిగిలిన చెత్తలో ఆధార్, పాన్ జిరాక్సులు బోలెడు తేలతాయి. పాత పేపర్ల బండికి అలాగే వేయకండి. ష్రెడర్ కొనేటట్లయితే పొడుగు పట్టీలుగా కోసేది వద్దు, పట్టీలు పక్కపక్కన పెడితే నంబరు చదవొచ్చు. అడ్డంగా కూడా కోసి చిన్న ముక్కలు చేసే పీ-4 రకం క్రాస్ కట్ చూడండి, ముక్క 160 చదరపు మిల్లీమీటర్లకు మించదు. నాలుగు కాగితాల కోసం యంత్రమెందుకు అంటారా, రాత్రి బకెట్ నీళ్లలో నానబెట్టి పొద్దున చేత్తో పిసికేయండి. అందులో లింకు డాక్యుమెంటు (ఆస్తి మన చేతికి రాకముందు నాటి పాత దస్తావేజు) కలిసిపోలేదని మాత్రం ముందే రెండుసార్లు చూసుకోండి.