గ్రహణ ఫలమా, రక్తచంద్ర ప్రవచనమా?

గ్రహణమంటే ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగువారిలో రెండు రకాల జోస్యాలున్నాయి. పంచాంగం నమ్మేవారు గ్రహణం పట్టిన రాశిని బట్టి శుభాశుభాలు తేల్చుకొని, ఊరగాయ జాడీపై దర్భ వేసి, దానంతోనూ విడుపు స్నానంతోనూ దోషం పోయిందనుకుంటారు. చర్చికి వెళ్లేవారిలో కొందరు, మహాదినానికి ముందు చంద్రుడు రక్తవర్ణమగునన్న బైబిల్లోని యోవేలు ప్రవచనాన్ని బట్టి దాన్ని లోకాంతానికే సూచనగా చెబుతారు. 2014, 2015లలో వరుసగా నాలుగు సంపూర్ణ చంద్రగ్రహణాలు యూదుల పస్కా, పర్ణశాలల పండుగలతో కలిసి రావడంతో ఈ వాదం విదేశాల్లో హోరెత్తింది. కానీ ఆ పండుగలు పున్నమికే మొదలవుతాయి, చంద్రగ్రహణమూ పున్నమినాడే పడుతుంది కనుక ఆ కలయిక అంత వింతేమీ కాదు. మొదటి జోస్యానికి పరిహారముంది, రెండోదానికి (ఇంతవరకూ) వాయిదాలే ఉన్నాయి. భయపెట్టడంలో మాత్రం రెండోదిదే పైచేయి.